నర్సుగా కొలనోస్కోపీ నేర్చుకోవడం: ఎన్ని చేస్తే చేయి కుదురుతుంది, పేషెంటుకు ముప్పు రాకుండా ఏం చూసుకోవాలి

మీరు రాసింది ఇదీ. ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రి గ్యాస్ట్రో వార్డులో అడ్వాన్స్‌డ్ నర్స్ ప్రాక్టీషనర్‌గా చేస్తున్నారు. యూనిట్ వాళ్లు మిమ్మల్ని క్లినికల్ ఎండోస్కోపిస్ట్ ట్రైనింగ్‌కి ఎంపిక చేశారు, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం (స్కోపు) పంపి పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ నేర్చుకోవాలి. ఒక కన్సల్టెంట్ (సీనియర్ డాక్టర్) ఆర్నెల్లలో వచ్చేస్తుంది అంటున్నారు, ఇంట్లో వాళ్లేమో డాక్టర్ల పని నెత్తినేసుకుని రేపు ఏదైనా జరిగితే ఎవరు దిక్కు అంటున్నారు. ఎన్ని చేస్తే చేయి కుదురుతుంది, నా వల్ల పేషెంటుకు హాని జరగకుండా ఏం చూసుకోవాలి, నా చేతులు చిన్నవి కదా ఇబ్బంది అవుతుందా అని అడిగారు. నేనూ మీ దారిలోనే వచ్చాను. నెల్లూరులో నర్సింగ్ చదివి, ఇక్కడికి వచ్చి, వార్డులో కొన్నేళ్లు చేసి, ఎండోస్కోపీ గదిలో స్కోపులు కడగడం దగ్గర మొదలుపెట్టి, తర్వాత స్కోపు పట్టుకున్నాను. ఇప్పుడు నేర్పిస్తున్నాను కూడా. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఇంట్లో వాళ్ల భయం సంగతి. బ్రిటన్‌లో నర్సులు ఎండోస్కోపీ చేయడం నిన్నమొన్నటి మాట కాదు, 1990ల నుంచీ ఉంది. 2015లో హెల్త్ ఎడ్యుకేషన్ ఇంగ్లండ్ అనే శిక్షణ సంస్థ 2018 నాటికి 200 మంది డాక్టర్లు కాని ఎండోస్కోపిస్టుల్ని తయారు చేస్తామని ప్రకటించి ప్రత్యేకంగా కోర్సు పెట్టింది. మీకు తెలియాల్సిన అసలు విషయం ఏంటంటే, ఎండోస్కోపీ శిక్షణ ప్రమాణాలు చూసే, జాగ్ అని అందరూ పిలిచే జాయింట్ అడ్వైజరీ గ్రూప్ ఇచ్చే సర్టిఫికెట్‌కి నర్సులకొక కొలత, డాక్టర్లకొక కొలత అని లేదు. సర్జరీ రిజిస్ట్రార్ (స్పెషలిస్టు శిక్షణలో ఉన్న డాక్టర్) అయినా, గ్యాస్ట్రో రిజిస్ట్రార్ అయినా, మీరైనా, నేనైనా అదే సంఖ్య, అదే పరీక్ష, అదే రికార్డు. ఒక్కటి మాత్రం ముందే అనుకోండి, రేపు హైదరాబాదో విజయవాడో తిరిగి వెళ్లిపోదామనుకుంటే ఈ సర్టిఫికెట్ పట్టుకుని అక్కడ కొలనోస్కోపీ చేయలేరు, అక్కడ అది డాక్టర్ల పనే. ఆ లెక్క కుదిరితేనే దిగండి.

నర్సులు చేస్తే ప్రమాదం అనేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1999లో బ్రిటన్‌లో ఒక పెద్ద ఆడిట్ జరిగింది, 68 యూనిట్లలో 9,223 కొలనోస్కోపీలు. సీకమ్ వరకూ, అంటే పెద్దపేగు మొదటి కొస వరకూ వెళ్లామని రాసుకున్నవి 77 శాతం. నిజంగా వెళ్లినట్టు గట్టి ఆనవాలు ఉన్నవి మాత్రమే లెక్కేస్తే అది 57 శాతానికి పడిపోయింది. పేగుకు చిల్లు పడటం 769 మందిలో ఒకరికి. అప్పట్లో స్కోపు పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది డాక్టర్లే, కానీ వాళ్లలో మొదటి 100 కేసులూ ఎవరి పర్యవేక్షణలోనైనా చేసినవాళ్లు 17 శాతమే. తప్పు వాళ్ల డిగ్రీది కాదు, పక్కన నిలబడి నేర్పేవాళ్లు లేకపోవడం. ఆ తర్వాత ట్రైనింగ్ సెంటర్లు, కోర్సులు, సర్టిఫికెట్లు వచ్చాయి. 2011లో మళ్లీ ఆడిట్ చేస్తే, 20,085 కేసుల్లో సీకమ్ చేరింది 92 శాతం పైన, చిల్లు 0.04 శాతం, అంటే సుమారు 2,500 మందిలో ఒకరికి. పేగు అదే, స్కోపులు కొంచెం మెరుగయ్యాయి, అంతకన్నా చాలా ఎక్కువగా మారింది నేర్పే పద్ధతి. మీ ఇంట్లో వాళ్లకి ఈ రెండు ఆడిట్ల సంగతి చెప్పండి.

ఇక ఎన్ని చేస్తే అన్న ప్రశ్న. ఇంతకుముందు 200 చేస్తే తాత్కాలిక సర్టిఫికెట్‌కి అర్హత వచ్చేది. ఇప్పుడు కనీసం 280 అన్నారు, అందులో ఎవరి సాయం లేకుండా సీకమ్ చేరింది 90 శాతానికి తగ్గకూడదు. ఈ సంఖ్య ఊరికే పెట్టలేదు. ఇక్కడి ట్రైనీల రికార్డులు, 297 మందివి, మొత్తం 36 వేలకు పైగా కేసులు తీసి చూస్తే 90 శాతం చేరడానికి సగటున 233 కేసులు పట్టాయని 2014లో తేలింది. అది సగటు. 150కే చేయి తిరిగినవాళ్లని చూశాను, 350 దాటినా సిగ్మాయిడ్ దగ్గర, అంటే పెద్దపేగు చివర్లో ఉండే వంకర భాగం దగ్గర, ఆగిపోయేవాళ్లనీ చూశాను, ఆ రెండోవాళ్లు తర్వాత చాలా మంచి ఎండోస్కోపిస్టులయ్యారు కూడా. కాబట్టి ఆర్నెల్లు అన్న మాట పట్టించుకోకండి. వారానికి ఎన్ని లిస్టులు, అంటే ఒక పూటలో వరసగా చేసే కేసులు, ఇస్తారో అడగండి. వారానికి ఒక్క లిస్టు ఇచ్చి, దానిలోనూ రెండు కేసులు మీకిచ్చి మిగతావి కన్సల్టెంట్ చేసుకుంటే రెండేళ్లయినా తేలదు, ఎందుకంటే ఈ పని మధ్యలో గ్యాప్ వస్తే చేయి మర్చిపోతుంది. వారానికి రెండు మూడు లిస్టులు, ఆర్నెల్లు ఎడతెగకుండా ఉంటే అది వేరే సంగతి.

ఇంకో మాట. జెట్స్ అనే ఆన్‌లైన్ రికార్డులో ప్రతి కేసూ ఎక్కించాలి. ట్రైనర్ మధ్యలో రెండు నిమిషాలు స్కోపు తీసుకుని మలుపు దాటించి మళ్లీ ఇస్తే అది సాయం లేకుండా చేసినట్టు కాదు. ట్రైనర్లే మొహమాటానికి 'పర్లేదు, నీదే అని రాసుకో' అంటారు. రాసుకోకండి. ఆ అంకె నమ్మి రేపు మిమ్మల్ని ఒంటరిగా గదిలో వదులుతారు, అప్పుడు బల్ల మీద పడుకున్న మనిషి ఆ రెండు నిమిషాల అబద్ధానికి వెల కడతారు.

ఇప్పుడు అసలు పనిలోకి వస్తాను. పెద్దపేగు గట్టి గొట్టం కాదు. ఎడమవైపు కిందికి దిగే భాగం వెనక గోడకి అతుక్కుని కదలకుండా ఉంటుంది, దాని ముందుండే సిగ్మాయిడ్ మాత్రం వేలాడుతూ ఎటంటే అటు సాగుతుంది. మీరు స్కోపు నెడితే కొస ముందుకు పోదు, మధ్యలో స్కోపు మెలికపడి ఆ సిగ్మాయిడ్‌ని పొట్టవైపు ఉబ్బిస్తుంది. దీన్నే లూప్ అంటాం. పేషెంటు నొప్పితో మూలిగేది అప్పుడే. పోలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపె) తీసేటప్పుడు కాకుండా మామూలు పరీక్షలో చిల్లు పడితే అది ఎక్కువగా ఇక్కడే, సాగదీసిన సిగ్మాయిడ్ పక్కగోడ మీదే. మా అమ్మ లంగాకి బొందు ఎక్కించడం నేర్పినప్పుడు నేను పిన్నీసుని పట్టుకుని ముందుకు నెట్టేదాన్ని, అది గుడ్డలో అడ్డం తిరిగి ఆగిపోయేది. అమ్మ ఏం చేసేదంటే, పిన్నీసుని ఒక చేత్తో నిలిపి, గుడ్డని కుచ్చులు కుచ్చులుగా దాని మీదికి లాగేది, కొంచెం నెట్టి, ఎక్కువ లాగి. కొలనోస్కోపీ అచ్చం అదే. పేగుని స్కోపు మీదికి కుచ్చులుగా పోగేసుకోవాలి. కుడిచేత్తో సవ్యదిశలో మెలితిప్పుతూ మెల్లగా వెనక్కి లాగితే లూప్ విడిపోతుంది, అప్పుడు స్కోపు వెనక్కి వస్తున్నా కొస ముందుకు వెళ్తుంది, అది మొదటిసారి చేతికి తెలిసిన రోజు మర్చిపోలేరు. అంకెలు గుర్తుపెట్టుకోండి: స్ప్లీన్ (ప్లీహం) దగ్గరి మలుపుకి వచ్చేసరికి స్కోపు నిటారుగా ఉంటే బయట గుర్తు 50 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, సీకమ్‌లో 70, 80. సీకమ్‌లో ఉన్నారు, బయట చూస్తే 120 లోపలికి పోయింది అంటే లోపల ఎక్కడో లూప్ ఉన్నట్టే.

స్కోపు ఆకారం తెర మీద చూపించే మాగ్నెటిక్ ఇమేజర్ మీ యూనిట్లో ఉంటే ట్రైనింగ్ అంతా దాన్ని ఆన్‌లోనే ఉంచమనండి. లేకపోయినా నేర్చుకోవచ్చు, కానీ ఉన్నప్పుడు వాడకపోవడం తెలివైన పని కాదు. గాలి బదులు కార్బన్ డయాక్సైడ్, ఇంకా మంచిది సిగ్మాయిడ్‌లో నీళ్లు వాడి గాలి చాలా తక్కువ ఎక్కించడం. ఉబ్బిన పేగు పొడుగవుతుంది, మలుపులు పదునెక్కుతాయి. పేషెంటుని తిప్పడానికి బద్ధకించకండి. ఎడమవైపు పడుకోబెట్టి మొదలుపెట్టినా, వెల్లకిలా, కుడివైపు, మళ్లీ ఎడమవైపు తిప్పితే సగం కష్టాలు వాటంతటవే తీరతాయి. పొట్ట మీద అసిస్టెంట్ నర్సు చేయి పెట్టి నొక్కడం కూడా పనికొస్తుంది, కానీ లూప్ విప్పిన తర్వాత, మళ్లీ పడకుండా ఆపడానికి. లూప్ ఉండగానే నొక్కితే ఆవిడ నడుము నొప్పి తప్ప ఏమీ రాదు.

నేను ట్రైనీగా ఉన్నప్పటి ఒక రోజు చెప్తాను. నాకప్పటికి 90 కేసులు దాటాయి. డెబ్భై దాటిన ఆవిడ, గర్భసంచి తీసేసిన ఆపరేషన్ అయింది, సిగ్మాయిడ్ నిండా డైవర్టిక్యులాలు, అంటే పేగు గోడలో చిన్న సంచుల్లాంటి గుంటలు. ఇలాంటివాళ్లలో పేగు లోపల అతుక్కుపోయి ఉంటుందని పుస్తకంలో చదివాను, చదివినది చేతికి దిగలేదు. 35 సెంటీమీటర్ల దగ్గర తెర ఎర్రబడిపోయింది, అంటే కొస గోడకి ఆనింది. దారి అక్కడే ఉంది, కాస్త తోస్తే పోతుంది అనిపించింది, తోశాను. ఆవిడ ఏమీ అనలేదు. కానీ దుప్పటి బయట ఆవిడ కాలివేళ్లు బిగుసుకుని లోపలికి ముడుచుకున్నాయి, పక్కన కూర్చున్న నర్సు చేయి పట్టుకున్న ఆవిడ వేళ్ల గణుపులు తెల్లబడ్డాయి. నేను తెర చూస్తున్నాను, ఇవేవీ నాకు కనపడలేదు. మా ట్రైనర్ చూశారు. 'ఆగు' అన్నారు, ఒక్క మాటే. ఆగాను. 'వెనక్కి లాగు, దారి కనపడేదాకా.' లాగాను. దారి కనపడింది, అది నేను తోస్తున్న వైపు లేదు, నేను దారనుకున్నది డైవర్టిక్యులమ్ నోరు. ఇంకొంచెం తోసి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే చేతులు చల్లబడతాయి. ఆ తర్వాత సన్నటి స్కోపు ప్రయత్నించి, అదీ పోకపోతే అక్కడితో ఆపి ఆవిడని పేగుని స్కాన్‌తో చూసే సీటీ కొలనోగ్రఫీకి పంపాం. నేను ఏడుపు మొహంతో రిపోర్టు రాస్తుంటే మా ట్రైనర్ 'ఇవాళ నువ్వు బాగా చేసింది ఆపడమే' అన్నారు. అప్పటికి నాకది ఓదార్పు మాటలా అనిపించింది. ఇప్పుడు నా ట్రైనీలని నేను చూసేది ముందు అదే, ఎప్పుడు వెనక్కి లాగుతున్నారు, ఎప్పుడు ఆపుతున్నారు, ఎప్పుడు నోరు తెరిచి సాయం అడుగుతున్నారు అని.

అందుకే ట్రైనర్ ఎవరన్నది మిగతా అన్నిటికన్నా ముఖ్యం. బాగా చేసేవాళ్లందరూ బాగా నేర్పలేరు. కొందరు మీరు తడబడగానే స్కోపు లాక్కుంటారు, కొందరు ఫోన్ వచ్చిందని బయటికి పోతారు, రెండూ ప్రమాదమే. ట్రైనర్ల కోసం విడిగా కోర్సు ఉంది, అది చేసినవాళ్లు కావాలని అడగండి, సిగ్గుపడకండి. మొదటి 100 కేసుల వరకూ వీలైనంత ఒక్కరి దగ్గరే, మహా అయితే ఇద్దరి దగ్గర నేర్చుకోండి. లిస్టు మొదలవక ముందే ఇవాళ ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో ఇద్దరూ మాట్లాడుకోవాలి, ఒకే ఒక్క విషయం, ఉదాహరణకి ఇవాళ సిగ్మాయిడ్‌లో గాలి తగ్గించడం. గదిలో వాడే మాటలు ముందే అనుకోవాలి: ఆగు అంటే చేయి కదలకూడదు, సవ్యంగా తిప్పు అంటే కుడిచేయే, స్కోపు పిడి మీద కొసని తిప్పే చక్రం కాదు. కష్టమైన మలుపు దగ్గర ఉన్నప్పుడు ట్రైనర్ ప్రశ్నలు అడగకూడదు, మీరూ జవాబు చెప్పకూడదు, ఆగి, నిలబడి, అప్పుడు మాట్లాడుకోవాలి. ఎందుకంటే కొత్తవాళ్ల బుర్ర ఒకేసారి చేతినీ చెవినీ నడపలేదు. అయిపోయాక ఐదు నిమిషాలు, వచ్చేసారికి ఒకే ఒక్క మాట తీసుకుని ఇంటికి వెళ్లాలి. దీనికి టైమ్ కావాలి కాబట్టి ట్రైనింగ్ లిస్టులో పేషెంట్లని తగ్గించి వేయమని మేనేజర్‌తో ముందే రాతపూర్వకంగా ఒప్పించండి. మామూలు లిస్టు నిండా పేషెంట్లని పెట్టి మధ్యలో మీకు నేర్పుతామంటే, ఆలస్యమవుతోందన్న టెన్షన్‌లో ట్రైనర్ స్కోపు లాక్కోవడం ఖాయం.

మీరు ఒప్పుకునే ముందు జాగ్ గుర్తించిన బేసిక్ స్కిల్స్ కోర్సు తేదీ కూడా అడగండి. మొదటి కేసులకి దగ్గరగా ఉండాలి, 150 అయ్యాక పంపితే అప్పటికే అబ్బిన చెడు అలవాట్లని విప్పడానికే కోర్సు మూడు రోజులూ సరిపోతాయి. నా మటుకు నేను కొత్తవాళ్లకి మొదటి రోజుల్లో వెనక్కి రావడం నుంచి నేర్పిస్తాను. నేను సీకమ్ దాకా తీసుకెళ్లి స్కోపు వాళ్ల చేతికిస్తాను, వాళ్లు చూసుకుంటూ బయటికి వస్తారు. కొసని ఎటు తిప్పితే ఏం కనపడుతుందో తెలుస్తుంది, పేషెంటుకి నొప్పి ఉండదు, పైగా పరీక్షలో అసలు పని జరిగేది ఈ భాగంలోనే అని మొదటి రోజే తలకెక్కుతుంది.

అవును, లోపలికి వెళ్లడం ప్రయాణం మాత్రమే, చూడటం తిరిగి వచ్చేటప్పుడే. వెనక్కి రావడానికి కనీసం 6 నిమిషాలు, 10 అయితే మంచిదని ఇక్కడి 2016 ప్రమాణాలు చెప్తాయి. పోలిప్ తీసే సమయం అందులో కలపకూడదు. అడినోమా (క్యాన్సర్‌గా మారగల రకం పోలిప్) కనిపెట్టే రేటు, అంటే ఎంత శాతం పరీక్షల్లో అది దొరికిందన్నది, కనీసం 15 శాతం, 20 కి చేరాలి. ఈ అంకె ఎందుకంత ముఖ్యమో అమెరికాలో 2014లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చూపించింది: ఒక ఎండోస్కోపిస్టు ఈ రేటు ఒక్క శాతం పెరిగితే వాళ్ల పేషెంట్లకి తర్వాత క్యాన్సర్ బయటపడే ముప్పు 3 శాతం తగ్గింది. అంటే మనం తొందరపడి చూడకుండా వదిలేసినది మూడేళ్లకో నాలుగేళ్లకో క్యాన్సర్‌గా తిరిగొస్తుంది, అప్పుడు మన పేరు ఎవరికీ గుర్తుండదు, మనిషి మాత్రం పోతారు. చిల్లు పడితే అందరికీ తెలుస్తుంది, చూడకుండా వదిలేసింది ఎవరికీ తెలియదు. నాకు ఎక్కువ భయం ఈ రెండోదే. కుడివైపు పేగుని రెండుసార్లు చూడండి. అక్కడి సెరేటెడ్ పోలిప్‌లు చదునుగా, పైన పల్చటి జిగురు పొర కప్పుకుని ఉంటాయి, మలం అంటుకుందేమో అనుకుని దాటేస్తాం. నీళ్లతో కడిగితే ఆ జిగురు కింద అంచు కనపడుతుంది. ఒకసారి నా ట్రైనీ శుభ్రంగా ఉందని వచ్చేస్తుంటే, మళ్లీ ఒకసారి వెళ్లిరమ్మన్నాను. రెండో చూపులో మడత వెనక 15 మిల్లీమీటర్లది దొరికింది. మొదటిసారి ఆ అమ్మాయి చూపులో లోపం లేదు, మడత వెనక్కి కొసని తిప్పలేదు, అంతే.

పోలిప్ దొరికితే వెంటనే తీసేయాలన్న ఆత్రం పెద్ద చేటు. 10 మిల్లీమీటర్ల లోపువి కరెంటు లేకుండా కోల్డ్ స్నేర్ అనే తీగ ఉచ్చుతో కోయడం నేర్చుకోండి, సర్టిఫికెట్‌కి పోలిప్ తీయడం రావాలి. సైజు, ఆకారం, ఉన్నచోటు, అందే తీరు చూసి పాయింట్లు వేసి నాలుగు స్థాయిలుగా విడగొడతారు. మీ స్థాయికి మించినది కనపడితే ఫోటో తీయండి, సైజు రాయండి, దగ్గర్లో గుర్తు కోసం సిరా టాటూ వేయాలో లేదో సీనియర్‌ని అడగండి, బయటికి వచ్చేయండి. పెద్ద చదును పోలిప్‌ని నడిమధ్య బయాప్సీ తీయకండి. అక్కడ మచ్చకట్టి తర్వాత దాన్ని లేపి తీసేవాళ్లకి కష్టమవుతుంది.

సెడేషన్ (మత్తు ఇవ్వడం) గురించి కచ్చితంగా ఉండండి. 70 ఏళ్ల లోపు వాళ్లకి మత్తు మందు మిడజోలమ్ 5 మిల్లీగ్రాములు, నొప్పి మందు ఫెంటనిల్ 100 మైక్రోగ్రాములు దాటకూడదు, 70 దాటినవాళ్లకి అందులో సగం. ముందు ఫెంటనిల్, అది పనిచేసేదాకా ఆగి తర్వాత మిడజోలమ్, అదీ కొంచెం కొంచెంగా. మీకు ప్రిస్క్రైబింగ్ అర్హత లేకపోతే ఈ మందులు ఎవరి రాతతో ఇస్తున్నారో కాగితం మీద స్పష్టంగా ఉండాలి, నోటిమాట పనికిరాదు. నొప్పి వస్తుంటే ఇంకో మిల్లీగ్రాము ఇవ్వమని అడగబుద్ధేస్తుంది. ఇవ్వకముందు స్కోపు వెనక్కి లాగి చూడండి. నొప్పి లూప్ మీకు పంపే కబురు, మందుతో దాని నోరు నొక్కేసి తోయడం అన్నిటికన్నా ప్రమాదం. చాలామందికి నొప్పి తగ్గడానికి పీల్చే ఎంటోనాక్స్ గ్యాస్ సరిపోతుంది, వాళ్లు మేలుకుని మాట్లాడుతుంటే మనకీ మంచిది.

ఇక్కడ మన భాషవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. కొడుకు దగ్గర స్థిరపడిన ఒక తెలుగు పెద్దావిడకి మా గదిలో వేరేవాళ్లు కొలనోస్కోపీ చేస్తున్నారు, నేను పక్కన ఉన్నాను. ఆవిడ గొంతు తగ్గించి 'చాలమ్మా, చాల్లే' అంటోంది. గదిలో నాకు తప్ప ఎవరికీ అది ఆపమనడం అని అర్థం కాలేదు. ఆపించాను. ఒప్పుకున్నవాళ్లకి మధ్యలో వద్దనే హక్కు ఉంటుంది. అప్పట్నుంచి భాష ఏదైనా, మొదలుపెట్టే ముందు చేయి పైకెత్తితే ఆపేస్తాను అని చేసి చూపించి చెప్తాను. కన్సెంట్ (పేషెంటు ఒప్పుకోలు) సంగతిలో కొడుకో కూతురో తర్జుమా చేస్తే సరిపోదు, ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టించండి. పిల్లలు అమ్మ భయపడుతుందని చిల్లు మాట, ఆపరేషన్ మాట మింగేస్తారు. 2015లో ఇక్కడి సుప్రీంకోర్టు మాంట్‌గోమరీ కేసులో తీర్పు ఇచ్చాక, ఆ మనిషికి ముఖ్యమనిపించే ముప్పు చెప్పకపోతే తప్పు మనదే.

పేగు శుభ్రం కాకపోతే ఎంత చేయి తిరిగినా కనపడదు. ఆసుపత్రి ఇచ్చే కాగితంలో బ్రెడ్డు, పాస్తా ఉంటాయి, మన పెద్దవాళ్లకి ఏం తినాలో అర్థంకాక గోంగూర పప్పు తినేసి వస్తారు. తెల్లన్నం, పెరుగు, గుడ్డు, చేప పర్లేదు, ఆకుకూరలు, తొక్క పప్పులు, గింజలు వద్దు అని వాళ్ల భాషలో చెప్పండి. ముఖ్యంగా పోపులో ఆవాలు, జీలకర్ర, నువ్వులు. ఈ గింజలు స్కోపు సక్షన్‌లో ఇరుక్కుని పరీక్షే ఆగిపోయిన రోజులున్నాయి. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి, లేకపోతే లోపలంతా నల్లగా అంటుకుంటుంది. రక్తం పల్చబడే మందుల విషయంలో మీ సొంత తెలివి వాడకండి, పోలిప్ తీసే అవకాశం ఉంటే వార్ఫరిన్ 5 రోజులు, క్లోపిడోగ్రెల్ 7 రోజులు ముందు ఆపడం మామూలు పద్ధతి, కానీ ఈమధ్యే గుండెలో స్టెంట్ వేసినవాళ్లకి, మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకి కార్డియాలజిస్టుని అడక్కుండా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

పరీక్ష అయిపోయినా మీ బాధ్యత తీరిపోదు. పరీక్ష తర్వాత గాలి పోయాక కూడా తగ్గని పొట్టనొప్పి, పెరుగుతున్న నాడి, గట్టిపడిన పొట్ట, ఈ మూడిట్లో ఏది కనపడినా గ్యాస్ అని టీ ఇచ్చి పంపేయకండి, డాక్టర్‌ని పిలిచి సీటీ అడగండి. పోలిప్ తీసినచోట రెండు వారాల వరకూ రక్తం రావొచ్చు, కాబట్టి పేషెంటు చేతిలో రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబర్ ఉండాలి. మీ లిస్టు నడిచే ప్రతి పూటా బిల్డింగ్‌లో పిలిస్తే వచ్చే ఎండోస్కోపీ సీనియర్ ఎవరో పేరుతో సహా తెలియకుండా మొదలుపెట్టకండి. 'ఏదైనా జరిగితే ఎవరు దిక్కు' అన్న ఇంట్లో వాళ్ల ప్రశ్న నిజంగా మంచి ప్రశ్న. జాబ్ డిస్క్రిప్షన్‌లో కొలనోస్కోపీ అన్న మాట రాసి ఉండాలి, ఆసుపత్రి ఇండెమ్నిటీ (కేసు పడితే పరిహారం భారం ఆసుపత్రి మోయడం) దానికి వర్తిస్తుందని రాతలో తీసుకోవాలి, యూనియన్ సభ్యత్వం వదులుకోకండి. రాత ఇవ్వడానికి యూనిట్ వెనకాడితే మీరూ వెనకాడండి.

చివరికి చేతుల సంగతి. నావీ చిన్నవే, గ్లవ్ సైజు ఆరు. పెద్ద చక్రం బొటనవేలికి అందుతుంది, చిన్న చక్రం అందదు, దానికోసం మణికట్టు తిప్పి తిప్పి మొదటి ఏడాది బొటనవేలు వాచిపోయింది నాకు. తర్వాత తెలిసింది, కుడిచేత్తో స్కోపుని మెలితిప్పడం బాగా వస్తే చిన్న చక్రం అవసరం చాలా తగ్గిపోతుంది. స్కోపుని పిడికిలితో పట్టుకోకండి, వేళ్ల కొసలతో, పేషెంటుకి 20, 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి, అప్పుడే లోపల బిగుతు వేళ్లకి తెలుస్తుంది. మంచం మీ మోచేతి ఎత్తుకో, కాస్త కిందికో దించండి, తెర ఎదురుగా కంటి ఎత్తు కన్నా కొంచెం కింద పెట్టించండి. మీ ట్రైనర్ ఆరడుగుల మనిషయితే మంచం ఆయన ఎత్తుకే ఉంటుంది, ప్రతి లిస్టుకీ ముందు మీరే వెళ్లి దించుకోండి. మొదటి లిస్టు తేదీ తెలిశాక మీ యూనిట్లో ఏ స్కోపులున్నాయో, ఇమేజర్ ఉందో లేదో రాయండి, దాన్నిబట్టి మిగతాది చెప్తాను.